మగ కుక్కపిల్ల ఎదుగుదల: ఏ వయసుకు ఏది మామూలు, ఏది జబ్బు

మగ కుక్కపిల్లను తెచ్చుకున్న ఇంట్లో మొదటి ఏడాది కొన్ని ప్రశ్నలు వరసగా పుడతాయి. మూడో నెలలో "రెండు ఉండాలి కదా, ఒకటే తగులుతోందేమిటి?" అంటారు. ఐదో నెలలో "పక్కింటి కుక్క కాలెత్తుతుంది, మావాడు ఇంకా కూర్చునే పోస్తున్నాడు" అన్న బెంగ మొదలవుతుంది. ఎనిమిదో నెల దాటాక "అక్కడ పసుపచ్చగా చీములాంటిది కనిపిస్తోంది" అంటారు. ఇవి నలుగురిలో అడగడానికి మొహమాటపడే సంగతులు కనుక డాక్టరు దగ్గర కూడా గొంతు తగ్గించే అడుగుతారు. కొందరు అసలు అడగకుండా పెట్ షాపులో చెప్పిన సిరప్పు కొనుక్కుని ఊరుకుంటారు.

వీటిలో చాలావాటికి "అది మామూలే" అన్న జవాబు సరిపోతుంది. అయితే ఏ వయసులో మామూలు అన్నది కూడా చెప్పాలి. ఐదు వారాల పిల్లలో వృషణం చేతికి దొరక్కపోతే ఆగి చూడొచ్చు, ఏడో నెలలో దొరక్కపోతే ఆపరేషన్ మాట ఎత్తాలి. ఏడాది కుక్కకు పసుపుపచ్చని చుక్క రావడం సహజం, రెండు నెలల పిల్లకు ధారగా రావడం సహజం కాదు. వయసు వదిలేసి లక్షణాన్ని మాత్రమే పట్టుకుంటే భయపడనక్కర్లేని చోట భయపడతాం, పరుగెత్తాల్సిన చోట తీరిగ్గా కూర్చుంటాం. మగపిల్లల ఎదుగుదల గురించి పశువైద్యానికి తెలిసినదాన్ని ఈ వయసు లెక్కన పేర్చి చూద్దాం.

మొదటి ఎనిమిది వారాలు

కుక్కపిల్ల కళ్లూ చెవులూ మూసుకునే పుడుతుంది. 10 నుంచి 14 రోజుల మధ్య కళ్లు విచ్చుకుంటాయి, ఆ తర్వాత కొద్ది రోజులకు చెవి రంధ్రాలు తెరుచుకుంటాయి. ఈ రోజుల్లో దానికి అసలు గండం చలి. పెద్ద కుక్క ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటే, మొదటి వారం పిల్లకు 35, 36 దగ్గరే ఉంటుంది. వణికి వేడి పుట్టించుకోవడం దానికింకా రాదు. చల్లబడిన పిల్లకు జాలిపడి పాలు పట్టడం చాలామంది చేసే పని, కానీ చల్లబడ్డ పేగు కదలదు, పాలు అరగవు. ముందు మెల్లగా వెచ్చబెట్టాలి, ఆ తర్వాతే పాలు.

రెండు మూడు వారాల దాకా తల్లి నాకితే తప్ప పిల్లకు ఒంటికీ రెంటికీ రాదు. తల్లి లేని పిల్లను సాకేవాళ్లు పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో పొట్ట కింద, తోక కింద తుడవాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల దాదాపు పది రోజుల్లో పుట్టినప్పటి బరువుకు రెట్టింపవుతుంది. అందుకే వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచి రాసుకోవడాన్ని మించిన పరీక్ష లేదు. పిల్ల అరవకముందే, నీరసపడకముందే, ఆగిపోయిన బరువు సంగతి చెప్పేస్తుంది.

మగా ఆడా తేడా పుట్టిన రోజే తెలుస్తుంది. మగపిల్లకు బొడ్డుకు కాస్త కిందుగా, పొట్ట మీదే చిన్న బుడిపె ఉంటుంది. ఆడపిల్లకు మూత్రద్వారం తోక కింద ఉంటుంది. కొందరు బొడ్డు దగ్గరి ఉబ్బు చూసి కంగారుపడతారు. నొక్కితే లోపలికి పోయి, మెత్తగా, నొప్పి లేకుండా ఉంటే అది బొడ్డు హెర్నియా. చిన్నదైతే చాలాసార్లు ఆరో నెలలోపు దానంతటదే మూసుకుంటుంది. అదే ఉబ్బు గట్టిపడి, ముట్టుకుంటే పిల్ల అరిచి, వాంతులు కూడా మొదలైతే పేగు ఇరుక్కున్నట్టు అనుమానించాలి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. గజ్జల్లో వచ్చే ఉబ్బు వేరే రకం హెర్నియా, దాన్ని చూస్తూ ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా నెల పిల్లలు చేతులు మారుతూనే ఉన్నాయి. పంటి గాటు ఎంత గట్టిగా వేయొచ్చో, ఎక్కడ ఆపాలో పిల్ల తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా నేర్చుకునేది ఈ వారాల్లోనే. తొందరగా విడదీసిన పిల్లకు ఆ పాఠం సగంలో ఆగిపోతుంది, టీకా పడకముందే దారి ప్రయాణమూ తప్పదు.

రెండూ దిగాయా?

మగపిల్ల విషయంలో ఎక్కువ ఆందోళన పుట్టించేది ఇదే, ఎక్కువ అపోహలున్నదీ ఇక్కడే. పిండంలో వృషణాలు మూత్రపిండాల దగ్గర రూపుకట్టుకుంటాయి. అక్కడి నుంచి గుబర్నాక్యులం అనే పట్టీ వాటిని గజ్జల వైపు నడిపిస్తుంది. పుట్టినప్పుడు అవి ఇంకా పొట్టలోనే ఉంటాయి. మూడు నాలుగు రోజులకు గజ్జల దారి దాటుతాయి, దాదాపు 35 రోజులకు సంచిలో కుదురుకుంటాయి. చేతికి స్పష్టంగా దొరికేది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య.

అనుభవమున్న డాక్టరు చూసే తీరు వేరుగా ఉంటుంది. బెదిరిన పిల్లను చల్లటి స్టీలు బల్ల మీద పడేసి వెతకరు, ఎందుకంటే చలికీ భయానికీ కండరం బిగిసి వృషణాన్ని పైకి లాగేస్తుంది. యజమాని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, పిల్ల కుదుటపడేదాకా కబుర్లు చెబుతూ, చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంటారు. బొటనవేలు, చూపుడువేలు గజ్జల దగ్గర ఆనించి, మర్మాంగపు తొడుగు పక్కనుంచి సంచి వైపు మెల్లగా జారుస్తారు. వేళ్ల కింద మెత్తగా, గుండ్రంగా జారిపోయేది ఒకటి తగులుతుంది. గజ్జల్లోని కొవ్వు గడ్డా, శోషరస గ్రంథీ కూడా అలాగే తగులుతాయి కనుక, దొరికినదాన్ని సంచిలోకి దింపి అక్కడ నిలుస్తుందో లేదో చూస్తారు. దిగి, నిలిచి, మళ్లీ పైకి పోయి వస్తుంటే కంగారు లేదు. ఎంత దింపినా సంచి దాకా రాకపోతే తేదీ వేసి రాసుకుంటారు.

ఎంతకాలం ఆగాలి? రెండు నెలలకు దిగకపోతే అనుమానం, నాలుగు నెలలకు దిగకపోతే బలమైన అనుమానం. ఆరు నెలలకు గజ్జల దారి బిగిసిపోతుంది కనుక అప్పటికి దిగనిది ఇక దిగదని పశువైద్యులు తేల్చేస్తారు. బ్రిటన్‌లో 3,518 మగ కుక్కలను పరిశీలించి 2003లో ప్రచురించిన లెక్కలో 6.8 శాతానికి ఈ లోపం కనిపించింది. రెండూ ఆగిపోవడం కన్నా ఒకటే ఆగిపోవడం ఎక్కువ, అందులోనూ కుడివైపుది ఎక్కువ. మన ఊళ్లలో బాగా కనిపించే పామరేనియన్, జర్మన్ షెపర్డ్ రెండు జాతులకూ ఈ ముప్పు ఉంది.

వృషణాల సంచి ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. వీర్యకణాలు తయారయ్యేది ఆ చల్లదనంలోనే. లోపల ఆగిపోయిన వృషణంలో వీర్యకణాలు పుట్టవు కానీ మగ హార్మోను ఊరుతూనే ఉంటుంది. కాబట్టి ఒకటి దిగిన కుక్క మామూలు మగకుక్కలాగే ప్రవర్తిస్తుంది, పిల్లలనూ కంటుంది, లోపాన్నీ పంచుతుంది. "ఒకటుంటే చాలు, క్రాసింగ్‌కు పనికొస్తుంది" అని అమ్మకందార్లు చెప్పే మాట ఇక్కడే దెబ్బతీస్తుంది. ఈ లోపం వంశపారంపర్యం, తల్లి వైపు నుంచి కూడా వస్తుంది. అందుకే అంతర్జాతీయ కెనైన్ సమాఖ్య జాతి ప్రమాణాల్లో మగకుక్కకు సంచిలోకి పూర్తిగా దిగిన రెండు వృషణాలు ఉండాలన్న షరతు పెట్టారు. హార్మోను ఇంజెక్షన్లతో దింపే ప్రయత్నాలు జరిగాయి కానీ వాటి ఫలితం నమ్మదగ్గదని రుజువు కాలేదు. ఒకవేళ దిగినా, ఆ కుక్కను మేటింగ్‌కు వాడితే లోపాన్ని కప్పిపెట్టి పంచినట్టే.

లోపల ఉండిపోయినదాన్ని అలాగే వదిలేస్తే ఏమవుతుంది? కొన్నేళ్ల దాకా ఏమీ కాకపోవచ్చు. కానీ అందులో కణితి పుట్టే అవకాశం మామూలు వృషణంతో పోలిస్తే పది రెట్లకు పైనే. ఆ కణితుల్లో ఒక రకం ఆడ హార్మోనును ఊరిస్తుంది. మగకుక్కకు రొమ్ములు ఉబ్బుతాయి, రెండు పక్కలా సమానంగా బొచ్చు రాలుతుంది, ముదిరితే ఎముక మజ్జ కూడా దెబ్బతింటుంది. పొట్టలో వేలాడే వృషణం మెలిపడే ప్రమాదమూ ఉంది. ఇన్ని తెలిశాక నిపుణులందరూ చెప్పే సలహా ఒకటే: దిగినదాన్నీ దిగనిదాన్నీ రెండింటినీ తీయించాలి.

ఉబ్బు, చుక్క, కాలెత్తడం

ఇంటికి చుట్టాలొచ్చిన సంబరంలోనో, తోటి పిల్లతో కుస్తీ పడుతున్నప్పుడో మగపిల్ల తొడుగు లోపల రెండు పక్కలా బంతుల్లా ఉబ్బుతుంది. "మావాడికి నాలుగున్నాయి" అని హడలిపోయేది ఇది చూసే. అవి మర్మాంగం మొదట్లో రక్తంతో నిండే కణజాలపు ఉబ్బులు, కాసేపటికి తగ్గిపోతాయి. లోపల గట్టిగా తగిలేది కణితి కాదు, కుక్క మర్మాంగంలో సహజంగానే ఎముక ఉంటుంది. అయితే ఆ ఎముక అడుగున మూత్రనాళం వెడల్పు కాలేదు కనుక రాయి దిగితే అక్కడే ఇరుక్కుంటుంది. డాల్మేషియన్ మగకుక్కల్లో యూరిక్ ఆమ్లపు రాళ్లు ఎక్కువ. పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్కైనా పోయలేని కుక్కకు ఏ వయసులోనైనా అది అత్యవసరం.

బయటికి వచ్చిన అంగం లోపలికి వెళ్లకుండా ఉండిపోవడం ఇంకొక అత్యవసరం. పొడుగు బొచ్చు జాతుల్లో వెంట్రుక చుట్టుకుని ఇలా అవుతుంది. చల్లటి నీళ్లతో తడిపి, ఆరిపోకుండా చూసుకుంటూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, రేపటికి వాయిదా వేయకూడదు. పుట్టుకతో అంగాన్ని తొడుగుకు పట్టి ఉంచే సన్నటి పొర యుక్తవయసులో మగ హార్మోను వల్ల విడిపోవాలి. విడిపోకపోతే అంగం కిందికి వంగుతుంది. దాన్ని కత్తిరించడం చిన్న పని.

ఇక పసుపచ్చని చుక్క. యుక్తవయసుకు వచ్చిన మగకుక్క తొడుగు అంచున పసుపు, ఆకుపచ్చ కలిసిన చిక్కటి చుక్క కనిపించడం మామూలు. దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. అదే పనిగా నాక్కుంటుంటే, దుర్వాసన వస్తుంటే, రక్తం కలిస్తే మాత్రం చూపించాలి. రక్తం చుక్కలుగా కారుతుంటే మన వీధుల్లో ముందుగా అనుమానించాల్సింది సంక్రమించే కణితి. కొన్ని వేల ఏళ్ల కిందట ఒకే ఒక్క కుక్కలో పుట్టిన క్యాన్సర్ ఇది, ఆ కణాలే కలయిక ద్వారా, నాకడం ద్వారా కుక్క నుంచి కుక్కకు ఇప్పటికీ బతుకుతూ వస్తున్నాయి. మగకుక్కలు వాసన చూసి నాకుతాయి కనుక ముక్కులోనూ రావచ్చు. వారానికొకటి చొప్పున ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లతో చాలావరకు పూర్తిగా నయమవుతుంది.

కాలెత్తడం ఆరో నెల నుంచి ఏడాది మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు, పెద్ద జాతుల్లో ఇంకా ఆలస్యమూ కావచ్చు. అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ బీచ్ 1974లో ప్రచురించిన పరిశోధనలో ఈ అలవాటుకు బీజం పుట్టుక చుట్టూ ఉండే రోజుల్లో మెదడుకు అందే మగ హార్మోనులో ఉందని తేలింది. అందుకే చిన్నప్పుడే ఆపరేషన్ చేసిన కుక్క కూడా కాలెత్తవచ్చు, కాలెత్తని కుక్కకు లోపమున్నట్టూ కాదు. రెండు నెలల పిల్ల దిండు ఎక్కడమూ అంతే, అది ఆటలో భాగం.

ఎముకలు, క్యాల్షియం సీసాలు

చిన్న జాతుల్లో ఎముకల పెరుగుదల పదో నెలకల్లా దాదాపు ఆగుతుంది, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా సాగుతుంది. ఆ మధ్యకాలంలో పెద్ద జాతి మగపిల్లలకు కొన్ని జబ్బులు ప్రత్యేకం. ఐదో నెల నుంచి ఏడాదిన్నర మధ్య ఒకసారి ముందుకాలు, ఇంకోసారి వెనుకకాలు కుంటడం జర్మన్ షెపర్డ్ మగపిల్లల్లో ఎక్కువ. పొడుగెముకల లోపల వచ్చే వాపు అది, నొప్పి పెట్టినా వయసుతో పోతుంది. ఒకే భుజం మీద వారాల తరబడి కుంటుతుంటే కీలు మృదులాస్థి చీలిందేమో ఎక్స్‌రే తీయించాలి. ఇదీ మగపిల్లల్లోనే ఎక్కువ. కుంటుతోంది కదా అని మనుషుల నొప్పి మాత్రలు మింగించకూడదు, ఇబుప్రొఫెన్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తుంది.

మన ఇళ్లలో రెండు తప్పులు ఎదురుబొదురుగా కనిపిస్తాయి. ఒకటి పెరుగన్నంతోనో, ఎముక లేని చికెన్ కలిపిన అన్నంతోనో పెంచడం. మాంసంలో క్యాల్షియం కన్నా భాస్వరం ఎన్నో రెట్లు ఎక్కువ, అన్నంలోనూ క్యాల్షియం తక్కువే. రక్తంలో లోటు పూడ్చడానికి ఒళ్లు ఎముకల్లోంచి తీసుకుంటుంది. కాళ్లు దొడ్డికాళ్లవుతాయి, మంచం మీంచి దూకితే ఎముక విరుగుతుంది. రెండోది మంచి కంపెనీ మేత పెడుతూ పైన క్యాల్షియం సిరప్పు పోయడం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో గ్రేట్ డేన్ పిల్లల మీద 1980లలో జరిగిన పరిశోధనలు చిన్న పిల్లల పేగుకు ఎక్కువైన క్యాల్షియాన్ని కాదనే శక్తి లేదని చూపాయి. ఎక్కువైనది ఎముకల పెరుగుదలను చెడగొడుతుంది. జర్మన్ షెపర్డ్ చెవులు నిలబడలేదని సిరప్పు పోసేవాళ్లు పళ్లు మారే వయసు దాకా ఆగితే చాలు, చాలా చెవులు ఆలోపు వాటంతటవే నిలబడతాయి.

బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమన్న నమ్మకమూ సరైనది కాదు. అమెరికాలో 48 లాబ్రడార్లను జతలుగా చేసి ఎనిమిది వారాల వయసు నుంచి జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, జతలో రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి తుంటి కీళ్ల అరుగుదల కూడా తగ్గింది. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి, కంటికి మాత్రం కనపడకూడదు.

ప్రాణం మీదికి తెచ్చేవి

ఇక్కడ మగా ఆడా తేడా తక్కువ. పార్వో వైరస్ ప్రపంచానికి 1978లో తెలిసింది, కొద్ది ఏళ్లలోనే మన దేశంలోనూ కనిపించింది. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ, టీకా రక్షణ ఇంకా మొదలవకుండా ఉండే ఖాళీలో అది దెబ్బతీస్తుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకాను అది పనిచేయనివ్వదు. అందుకే 45 రోజులకు వేసే పప్పీ డీపీ టీకా ఒక్కటే చాలదు. మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ పోయి, చివరి డోసు 16 వారాలు నిండాక పడాలి. "రెండు సూదులు పడ్డాయి కదా" అని ఆపేసిన పిల్లలే వాంతులతో, రక్తపు విరేచనాలతో వస్తాయి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. పార్వోతో పిల్ల పోయిన ఇంటికి వెంటనే ఇంకో చిన్నపిల్లను తేవద్దనేది అందుకే.

నట్టలు పుట్టకముందే మొదలవుతాయి, తల్లి కడుపులో ఉండగానే గుండ్రటి పురుగుల పిల్లలు పిండంలోకి చేరతాయి. కొంకి పురుగులు పాల ద్వారా వచ్చి పేగు గోడ పట్టుకుని రక్తం తాగుతాయి. నట్టల మందు రెండో వారంలో మొదలుపెట్టి ఎనిమిదో వారం దాకా రెండు వారాలకోసారి, ఆరో నెల దాకా నెలకోసారి ఇవ్వాలి. పొట్ట ఉబ్బి, వీపు ఎముక తేలి, చిగుళ్లు తెల్లబడ్డ పిల్లను చూసి "బాగా తింటోంది, పొట్ట పెరిగింది" అనుకోవడం ప్రమాదకరం. గోమార్ల వల్ల వచ్చే జ్వరాలూ చిగుళ్లను అలాగే పాలిపోయేలా చేస్తాయి. చెవి మడతలు, వేళ్ల సందులు, గజ్జలు రోజూ వెతకాలి. రేబిస్ టీకా మూడో నెలలో వేయించాలి. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు.

ఆపరేషన్ ఎప్పుడు?

ఇరవై ఏళ్లలో నిపుణుల అభిప్రాయం బాగా మారిన ప్రశ్న ఇదొక్కటే. ఆరు నెలలకే తీయించడం మేలన్నది ఒకప్పటి సలహా. వృషణాలు తీసేస్తే ఎముకల ఎదుగుదల పొరలు ఆలస్యంగా మూసుకుంటాయి, కాళ్లు కాస్త పొడుగవుతాయి, కీళ్ల అమరిక మారుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో హార్ట్ దంపతుల బృందం 2016లో జర్మన్ షెపర్డ్‌ల మీద ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ లేని మగకుక్కల్లో 7 శాతానికి కీళ్ల జబ్బులుంటే, ఏడాదిలోపు చేయించినవాటిలో 21 శాతానికి కనిపించాయి. అదే బృందం 2020లో 35 జాతులను పోల్చినప్పుడు చిన్న జాతుల్లో ఈ తేడా పెద్దగా లేదు. కాబట్టి అన్ని కుక్కలకూ ఒకే వయసు చెప్పడం ఇక కుదరదు. పెద్ద జాతి మగపిల్లకు ఏడాది దాటేదాకా ఆగడం, చిన్న జాతికి ముందే చేయించడం ఇప్పుడు మొగ్గు ఉన్న వైపు.

ఆపరేషన్ వల్ల వృషణాల కణితులుండవు, ప్రోస్టేట్ వాపు తగ్గుతుంది, ఎదలో ఉన్న ఆడకుక్క వాసన పట్టి రోడ్లు దాటి పారిపోవడం తగ్గుతుంది. మేత తగ్గించకపోతే ఒళ్లు వస్తుంది. వీధి మగపిల్లల లెక్క వేరు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల కింద పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. మళ్లీ చేతికి దొరుకుతుందన్న నమ్మకం లేని కుక్కకు ఏడాది ఆగమని చెప్పడం అర్థంలేనిది. కీలు అరుగుదల కన్నా అక్కడ రేబిస్, సంతానం పెద్ద సమస్యలు.

ఇవన్నీ వయసు తెలిస్తేనే అక్కరకొచ్చే సంగతులు. మన దగ్గర సగం పిల్లలు పుట్టిన తేదీ లేకుండానే ఇంటికి వస్తాయి, అమ్మేవాడు చెప్పే తేదీ కూడా నమ్మదగ్గది కాకపోవచ్చు. అప్పుడు నోరు తెరిచి చూడాలి. మూడు నాలుగు వారాలకు పాలపళ్లు మొలవడం మొదలై, రెండు నెలల లోపు 28 నిండుతాయి. నాలుగో నెలలో ముందరి పళ్లు మారతాయి, ఐదారు నెలలకు కోరలు మారతాయి, ఏడో నెలకు 42 పళ్లూ పూర్తవుతాయి. కొత్త కోర పక్కన పాత కోర ఊడకుండా నిలబడితే, పామరేనియన్ లాంటి చిన్న జాతుల్లో ఇది తరచు జరుగుతుంది, పీకించాలి. ఆసుపత్రిలో పిల్లను మొదటిసారి చూపించినప్పుడు పళ్లను బట్టి వయసు రాయించుకుని, దాని పక్కనే బరువు, వృషణాలు దిగిన తేదీ, టీకాలు, నట్టల మందు రాసుకోవాలి. "ఇది మామూలేనా?" అన్న ప్రశ్నకు ఆ కాగితం చూసి చెప్పే జవాబు, లక్షణం ఒక్కటే విని చెప్పే జవాబు కన్నా ఎప్పుడూ నమ్మదగ్గది.